తొమ్మిదో ఎపిసోడ్‌కి విజయక్క లేదు

నిన్న మధ్యాహ్నం దాకా నాకు తెలియదు.

ల్యాబ్‌లోకి ఫోన్ తీసుకెళ్లనివ్వరు. లంచ్‌కి బయటికొచ్చి చూస్తే మా ఓనర్ ఆంటీవి వరసగా మిస్డ్ కాల్స్. మళ్లీ వాటర్ ట్యాంకర్ గొడవేమో అనుకుంటూ చేశాను.

"విజయమ్మ పోయిందమ్మా. కోర్టుకు పోదామని మెట్లు దిగుతా దిగుతా కూసున్నది. దవాఖానాకు తీస్కపోయేలోపే అయిపోయింది."

నల్లకోటు చేతి మీదే ఉందట.

నాచారంలో మా ఫ్యాక్టరీ గేటు ముందు నిలబడి ఆ మాట ఇంకోసారి చెప్పించుకున్నాను. అయినా బుర్రకెక్కలేదు.

నేను ఇల్లు చేరేసరికి భువనగిరి నుంచి వాళ్ల తమ్ముడొచ్చి అక్కను ఊరికి తీసుకెళ్లిపోయాడు. చివరి చూపు కూడా దక్కలేదు.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నా. విజయక్క మా పై పోర్షన్‌లో ఒక్కతే ఉండేది. అడ్వకేట్. విడాకుల కేసులు ఎక్కువ. తన విడాకులు ఎప్పుడో అయిపోయాయి. కింద పోర్షన్‌లో నేనూ ఒక్కదాన్నే, తెనాలి నుంచి ఉద్యోగానికి వచ్చినదాన్ని. ఆదివారం మా ఇద్దరి ఇళ్లకీ ఎవరూ రారు. అలా కుదిరింది దోస్తీ.

కలిపింది మాత్రం ఒక కొరియన్ సీరియల్. నవ్వకండి.

ఈ ఏడాది మొదట్లో ల్యాబ్‌లో ఒకమ్మాయి పెన్‌డ్రైవ్‌లో వేసిచ్చింది. పదహారు ఎపిసోడ్లు, ఇంగ్లీష్ సబ్‌టైటిల్స్. హీరోయిన్ లాయర్, హీరో ప్రాసిక్యూటర్. కోర్టులో కొట్లాట, బయట ప్రేమ.

"లాయర్ల కథ అంటున్నవ్ గదా, జర నేను గూడ సూస్త" అని అక్క ఉప్పల్ రింగురోడ్డులో కట్టించుకొచ్చిన మిర్చీబజ్జీల పొట్లంతో దిగింది.

మొదటి ఎపిసోడ్‌లో ఇద్దరికీ పరిచయం. తర్వాతి దాంట్లో ముఖాలు తిప్పుకుంటున్నారు! నాకు తల తిరిగింది. అక్క మాత్రం తగ్గలేదు.

"మస్తు తీసిండు డైరెక్టరు. నా దగ్గరికొచ్చేటోళ్లు గూడ గిట్లనే. ముందుగాల కొట్లాట జెప్తరు. ప్రేమ సంగతి మెల్లగ బయటికొస్తది."

ఆ ధీమాతోనే వారం వారం చూశాం. క్లైమాక్స్ వచ్చింది, ఇద్దరూ కలిశారు, కళ్లు తుడుచుకున్నాం. ఆ తర్వాత ఇంకో ఎపిసోడ్ మొదలైంది, ఆ ఇద్దరూ మళ్లీ కొత్తవాళ్లలా మాట్లాడుకుంటున్నారు.

అప్పుడు లిస్టు చూశాం. టీవీ తన ఇష్టం వచ్చినట్టు పేర్చుకుంది. ఒకటి తర్వాత పది, పదకొండు... పదహారు అయ్యాకే రెండు.

నవ్వి నవ్వి అక్కకు పొలమారింది.

"ఇప్పుడేంది ఫికర్? ఎట్లయినా కలుస్తరని ఎరికయింది. ఇగ నిమ్మలంగ సూద్దాం."

ఎపిసోడ్ అయ్యాక టీ, టీతో పాటు వాదన. ఒకరు సీరియల్ తరఫున, ఇంకొకరు ఎదురు. వచ్చే వారం వైపులు మారాలి. రూల్ అక్కదే.

ఎదురు వాదించే వారం అక్కకు జాలి ఉండేది కాదు. "ఒక్క వాయిదా పడదేంది? గా గొడుగు సీన్ ఎన్నిసార్లు పెడ్తరు? గా ముసలామె కేసు ఏమాయె? వీళ్ల లవ్వుల పడి క్లయింట్‌ను మర్చిపోయిన్రు!"

నిజమే. ముసలామె మళ్లీ కనబడలేదు. ఆ సీరియల్‌కి పెద్ద లోపం అదే.

బలం అంటే నాకు ఒక్క సీన్ గుర్తొస్తుంది. హీరోయిన్ కేసు గెలిచి ఇంటికొస్తుంది. నూడుల్స్ వేడి చేసుకుని తింటుంది. ఫోన్ రాదు. ఏడుపు మ్యూజిక్ కూడా లేదు. ఊరికే తింటుంది, గిన్నె కడుగుతుంది.

ఆ వారం అక్క వాదన మర్చిపోయింది. గ్లాసు కింద పెట్టి అంది.

"కేసు గెల్సి ఇంటికొస్తే తలుపు తీసేటోళ్లు ఉండరు సూడు... గది కరెక్ట్ జూపిచ్చిండు."

తన గురించి అక్క నాతో చెప్పింది అదొక్కటే. ఇంకాస్త టీ పోశాను.

తెలంగాణ వచ్చిన రోజు స్వీట్ బాక్స్ తెరిచి మొదటి లడ్డూ నాకే పెట్టింది. "ఇగ నువ్వు మా స్టేట్ల గెస్టువి. వాదనల నన్నే గెలువనియ్యాలె" అని వెక్కిరించింది. నేనెప్పుడు గెలిచాను గనక!

చివరికి తొమ్మిదోది మిగిలింది. మాకు ఫైనల్ అదే. ఎనిమిదిలో నవ్వుకుంటున్నారు, పదిలో మాటల్లేవు. మాటలెందుకు ఆగాయో పదహారు దాకా చెప్పలేదు. కాబట్టి సంగతంతా తొమ్మిదిలోనే ఉండాలి. హీరో ఏదో అబద్ధం చెప్పి ఉంటాడని నేను.

"పిలగాడు మంచోడు. ఏదో కారణం ఉంటది" అని అక్క.

ఈ ఆదివారం తేల్చుకుందాం అనుకున్నాం.

ఇవాళ సెలవు పెట్టాను. పైన అడుగుల చప్పుడు లేదు. కుక్కర్ విజిల్ లేదు. ఉండబట్టలేక ఒక్కదాన్నే తొమ్మిదోది పెట్టాను.

హీరోయిన్ బస్టాప్‌లో ఎదురుచూస్తుంది. బస్సులు వెళ్లిపోతాయి. హీరో రాడు.

అంతే అక్కా. ఎందుకు రాలేదో తొమ్మిదిలో కూడా చెప్పలేదు.

టీ పెట్టుకుని వాదన మొదలుపెట్టాను. ఇది పెద్ద లోపం అన్నాను, పైకే. రావాల్సిన మనిషి రాకపోతే కారణం చెప్పాలి కదా అన్నాను. గట్టిగానే అన్నాను. ఎవరూ ఎదురు చెప్పలేదు.

ఈ వారం సీరియల్ తరఫున వాదించాల్సింది నువ్వు.

వెళ్లిరా విజయక్కా. నువ్వు చేరే చోట తలుపు తీసేవాళ్లు ఉండాలి. నీ భాషలోనే చెప్తున్నా, నిమ్మలంగ ఉండు.