గంజి పెట్టిన ముఖం

ఆదెమ్మ ముత్తాత కోస్తా నుంచి ఓడెక్కి వచ్చినవాడు. ఆమె పుట్టిందీ పెరిగిందీ సింగపూర్‌లోనే. అయినా మొగుడి పేరు నోటితో పలకకూడదన్న పట్టింపు ఆ ఓడలోనే వచ్చి ఆమె దగ్గర ఆగింది. ముప్పయ్యేళ్ల కాపురంలో "ఏవండీ" తప్ప మరో పిలుపు లేదు.

ఆయన సైన్స్ పార్క్‌లో కొత్తగా లేస్తున్న కంప్యూటర్ ఆఫీసులకు వైర్లు లాగేవాడు. పనిలో ఉండగానే గుండె ఆగింది. తోటి పనివాడు సుధాకరరావు సెంగ్‌కాంగ్‌లోని వాళ్ల ఫ్లాటు గుమ్మంలో నిలబడి ఆ మాట చెప్పాడు. ఆదెమ్మ విని, "మంచినీళ్లు తాగుతావా బాబూ?" అంది. అంతే. తర్వాత ఎవరితోనూ ఆ సంగతి ఎత్తలేదు. నెలనెలా మాసికానికి గుడిలో పూజారి పోయినాయన పేరడిగితే, ఆయన పనిలో మెడకు వేసుకున్న పేరు కార్డు చూపించేది. వచ్చే వారం సంవత్సరీకం. "ఆ రోజు మీ నోటితోనే చెప్పాలమ్మా" అన్నాడు పూజారి. పిల్లల్లేరు. ఆమె తప్ప చెప్పేవాళ్లెవరు?

ఇంట్లో ఒక గది అలేఖ్యకు అద్దెకిచ్చింది. యూనివర్సిటీలో కంప్యూటర్లు చదివే పిల్ల. అక్కడ గ్రీకు నాటకమేదో ఆడుతున్నారు.

"ఆంటీ, రాణి మాస్క్ చేసిపెడతారా? ఆ గ్రీకులు గుడ్డ గట్టిపరిచి చేసేవాళ్లట."

"గంజి పెడితే సరి. అదేం బ్రహ్మవిద్యా?"

ఆయన పాత పంచె చింపి, చిక్కటి గంజిలో ముంచి, బోర్లించిన గిన్నె మీద పొర మీద పొర అంటించింది. అలేఖ్య పక్కన కూర్చుని కబుర్లు చెప్పింది. ద్రాక్షసారా దేవుడి పండగలో అందరూ గుంపుగా పాడేవాళ్లట. ఒకసారి ఒకడు గుంపులోంచి ముందుకొచ్చి, వాళ్లకు జవాబు చెప్పాడట. నాటకం అక్కణ్ణుంచి పుట్టిందట. ఆడవేషాలూ మగవాళ్లే కట్టేవాళ్లట.

"చావు మాత్రం స్టేజీ మీద చూపించరాంటీ. రాజు పోయాడని ఒకడొచ్చి చెప్తాడు. రాణి వింటుంది."

ఆదెమ్మ చెయ్యి గిన్నె మీదే ఆగిపోయింది. "విని ఏం చేస్తాది?"

"అరుస్తుంది."

ముఖం ఆరాక అలేఖ్య చూసి నవ్వింది. కళ్లు పెద్దవే. నోరు మాత్రం సూది గీసినంత.

"అలామా!" అంది, సింగపూర్ వాళ్లు అయ్యో అన్నట్టు. "మీ రాణి మూగదా ఆంటీ?"

"మొగుడు పోయినదానికి నోరెలా లేస్తాదే?"

"కొండవాలు మీద వేలమంది కూర్చునేవాళ్లు. చివరి వరసకి వినపడాలి. నోరు ఇంత ఉండాలి, లా!" అని అరచెయ్యి చాపి చూపించి, రిహార్సలుకి వెళ్లిపోయింది.

ఆదెమ్మ కత్తెర తీసి నోరు పెద్దది చేసింది. సరిపోయిందో లేదో చూడాలిగా అనుకుంటూ ముఖానికి పెట్టుకుంది. లోపల గంజి వాసన, ఆ కింద ఆయన పెట్టెలోని కర్పూరం వాసన. ఇది నేను కాదుగా, రాణిగా, అనుకుంది. ఆయన పేరు బయటికొచ్చింది. పక్కనున్న గిన్నె కూడా కంగుమంది. మళ్లీ పిలిచింది. మళ్లీ. ముఖం లోపలి గుడ్డ తడిసి మెత్తబడింది. మర్నాడు మరో పొర అంటించాల్సొచ్చింది.

సంవత్సరీకం నాడు పూజారి అలవాటుగా కార్డు కోసం చెయ్యి చాపాడు. ఆదెమ్మ సంచీ తెరవలేదు.

"రాఘవులు!"

మంటపం అవతల చెప్పులు విడుస్తున్నవాళ్లు కూడా తిరిగి చూశారు.

"మెల్లగా అమ్మా," అన్నాడు పూజారి, "నేనిక్కడే ఉన్నా."