ట్యాంకు అడుగు నుంచి చూసిన చుక్క

దేశం దాటి వచ్చి సెంబవాంగ్ షిప్‌యార్డులో చేరిన కొత్తలో ఓడ ట్యాంకు అడుగున తుప్పు గీకేవాణ్ణి. మేం లోపలున్నంతసేపూ పైన మేం దిగే మ్యాన్‌హోలు కంత దగ్గర ఒకరు కాపలా కూర్చోవాలి. అదీ ఒక పనేనా అని నవ్వుకునేవాణ్ణి.

ఒకరోజు అప్పారావన్న కాపలా ఉండగా, చీకటి పడ్డాక లోపలి లైట్లన్నీ ఆరిపోయాయి. నిచ్చెన ఎటుందో తెలియలేదు. భయంతో గోడలు తడిమాను. తలెత్తితే గుండ్రటి కంతలో ఒకే ఒక్క చుక్క కనిపించింది. ఇన్ని దీపాల ఊళ్లో నేను చుక్కను చూడటం అదే మొదలు.

"అప్పారావన్నా!" అని అరిచాను.

చుక్కకు అడ్డంగా ఒక తల వచ్చింది. "ఇక్కడే ఉన్నాన్రా. లైట్లొచ్చీదాకా కదలకు."

తల పక్కకు జరిగింది. మళ్లీ చుక్క. భయం పోయింది. పైన ఎవరో ఉన్నారన్న మాట నాకు ఆ రోజే అర్థమైంది.

ఇప్పుడు ఆ కాపలా పని అడిగి మరీ చేస్తున్నాను. చీకటి పడితే, లోపలివాళ్లకు చుక్క కనిపించేలా కాస్త పక్కకు జరిగి కూర్చుంటాను.