దీపం పెట్టని అర్ర

మొన్న శుక్రవారం తెల్లవారుజామున మా మరిది పోయాడు. చొప్పదండిలో మిద్దె మీద గొట్టం పెట్టుకొని చుక్కలు చూసే లెక్కల సారంటే అందరికీ తెలుసు. ఆ గొట్టంలోని అద్దాన్ని తన చేతులతోనే అరగదీసుకున్నాడు.

ఎండాకాలంలో దక్షిణాన, ఆకాశపు కింది అంచుకు దగ్గరగా, మసక మరకలా కనబడే నక్షత్రాల గుంపు ఒకటి ఉంటుంది. లక్షల నక్షత్రాలు బంతిలా ముద్దకట్టి ఉంటాయనేవాడు. ఫొటోలో మరక పడితే చాలదు అతనికి. గుంపు అంచున నక్షత్రాలు విడివిడిగా పడాలి.

నీటికాసుల వల్ల పోయిన చూపు తిరిగి రాదని డాక్టరు చెప్పిన ఏడు, అతని దగ్గర మంచి గాజు ఫొటో పలకలు రెండే మిగిలాయి. మొదటిదాన్ని చీకటి అర్రలో కూర్చొని చట్రానికి ఎక్కిస్తుండగా మా అత్తమ్మ దీపం పట్టుకొని వచ్చింది.

"పొద్దుగూకినంక అర్ర చీకటి ఉంచుతర్రా?"

"అవ్వా, దీపం!"

వెలుతురు తగిలి పలక పాడైంది. "నా చుక్కలన్నిటిని నీ దీపం మింగింది గదనే" అని నవ్వబోయాడు.

మరునాడు అతను రెండో పలక ఎక్కిస్తుంటే ఆ అర్ర తలుపుకు ఆనుకొని నేనే కూర్చున్నాను.

"జరుగు కోడలా."

"జరగ, అత్తమ్మా. దీపం గడప బయట పెట్టుండ్రి."

"కొడుకుకు పిచ్చి లేసె, కోడలు కావలి గూసునె" అంటూ బయటే పెట్టింది.

ఆ రాత్రి ఇద్దరం మిద్దె ఎక్కాం. ఫొటో పడేదాకా ఆకాశంతోపాటు గొట్టమూ మెల్లగా తిరగాలి. పక్కనున్న చిన్న దుర్బీనులో సాలెపోగులు అడ్డంగా నిలువుగా కట్టి ఉంటాయి. ఆ కూడలిలో ఒక చుక్కను కదలకుండా నిలపాలి. అతనికి పోగులు కనబడలేదు. నేను కన్ను పెట్టాను, అతను మర తిప్పాడు.

"ఎటు పోతున్నది వదినె?"

"పడమటికి. జర తిప్పు. ఎక్కువైంది, ఆగు!"

"బడిల పోరగాండ్లను నేను సుత గింత బెదిరియ్య."

"మాట్లాడకు. మిద్దె కదులుతది."

దూరంగా మబ్బులో మెరుపు. కంట్లో నీరు నిండినా తుడుచుకోవడానికి భయం. చుక్క జారితే మరో పలక లేదు. వచ్చే ఏటికి అతనికి కన్ను ఉంటుందో లేదో తెలియదు.

కడిగిన పలకను దీపానికి ఎత్తి పట్టాడు. అతని కంటికి ఏమీ ఆనలేదు. నాకిచ్చాడు.

"నిజం చెప్పు వదినె. మరకేనా?"

ఊరడింపుకు అబద్ధం చెప్పనని తెలిసే నన్ను అడిగాడు. గాజు మీద నక్షత్రాలు నల్లగా పడతాయి. తిప్పి తిప్పి చూశాను.

"నడుమ ముద్దకట్టింది. అంచున నువ్వులు చల్లినట్టు విడివిడిగ ఉన్నయి."

"మల్లొకసారి చెప్పు" అన్నాడు.

చూపు పూర్తిగా పోయాక కూడా వానాకాలం రాగానే పలకకు చెమ్మ తగులుతుందేమోనని దిగులుపడేవాడు. "వదినె, నువ్వులు ఉన్నయా?" అని అడిగేవాడు. చూసి చెప్పేదాన్ని.

అతని ప్రాణం ఆ అర్రలోనే పోయింది. పోయిన చోట దీపం పెట్టాలన్నారు. పొద్దుగూకాక ప్రమిద పట్టుకొని గడప దాటాను. అగ్గిపుల్ల గీయబోయి ఆగాను. ఎన్నో ఏళ్లుగా ఖాళీగా ఉన్న పలకల డబ్బాకు మూత బిగించి ఉందో లేదో చీకట్లోనే తడిమి చూసుకున్నాను. ఆ తరువాతే దీపం వెలిగించాను.