మూర్తిగారి బెల్లం బీరు

మావాళ్లు పొయ్యి మీద బెల్లం కరిగిస్తుంటే ఇల్లంతా ఒకటే వాసన. ఆఫీసు నుంచి వచ్చి, బూట్లు విప్పే ఓపిక కూడా లేక కుర్చీలో కూలబడ్డవాణ్ణి, మూర్తిగారు గుర్తొచ్చి అలాగే ఉండిపోయాను.

ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఆయన నా బాసు. మా వీధిలోనే ఉండేవారు. కారు విడిభాగాల కంపెనీ మాది. మాంద్యం వచ్చి మా ఫ్లోరులో సగం కుర్చీలు ఖాళీ అయిన ఏడాది, శనివారాలు నన్ను తన బేస్‌మెంటుకి పిలిచి బీరు చేయడం నేర్పారు. అక్కడ ఉద్యోగం ఊసెత్తకూడదని షరతు. బీరంటే నాకంత మోజు లేదు. ఇంట్లో కూర్చుని వీసా గురించి ఏడవడం కంటే నయమని వెళ్లేవాణ్ణి.

సీసాల్లో పోసే ముందు బీరులో కాస్త చక్కెర కలపాలి. మూత బిగించాక దానితోనే గ్యాసు పుడుతుంది. ఆయన వాడేది మొక్కజొన్న చక్కెర, అదీ తూకం వేసి. ఒకసారి ఆ పని నాకప్పగించి ఊరెళ్లారు. నేనేమో ఇండియన్ స్టోర్ బెల్లం చితక్కొట్టి, పరమాన్నంలో వేసినట్టు చేతి అందాజున వేసేశాను. గ్యాసు ఎక్కువై సీసాలు పేలాయి. గోడలు, వాళ్లావిడ ఆవకాయ జాడీ, అన్నిటి మీదా నురగే.

ఆయన తిట్టలేదు. నేల తుడుస్తూ అన్నారు: "కార్న్ షుగర్‌కి తనదంటూ టేస్ట్ ఉండదయ్యా. పని చేసి పక్కకి తప్పుకుంటుంది. బెల్లం అలా కాదు, నేనున్నానంటుంది. నీకు బీరు కావాలా, పానకం కావాలా?"

"రెండూ వద్దు సార్, ముందు ఈ జిడ్డు వదిలితే చాలు."

తర్వాత కొన్నాళ్లకి ఆయనకి గొంతు క్యాన్సర్ వచ్చింది. రేడియేషన్‌తో నోరు చచ్చిపోయింది. ఏం పెట్టినా మట్టి తిన్నట్టుందని పళ్లెం నెట్టేసేవారు. మనిషి సగమయ్యారు. ఒకరోజు ఫోన్ చేశారు.

"ఈసారి బీరు మరిగేటప్పుడే బెల్లం వెయ్యి, దండిగా. ఒక్క గుక్కకి డాక్టర్ ఓకే అన్నాడు. దాని టేస్టన్నా తగిలితే, మళ్లీ తినాలనిపిస్తుందేమో."

తాటిబెల్లం తెచ్చి, కరిగించి, ఇసుక రాకుండా గుడ్డలో వడగట్టి వేశాను. గ్యాసుకి మాత్రం తూకం వేసిన మొక్కజొన్న చక్కెరే. అది తయారయ్యేదాకా ఆఫీసులో నా ధ్యాసంతా ఆ సీసాల మీదే. ఆయనకి రుచి తగలాలని మొక్కుకున్నాను కూడా.

తయారయ్యాక పట్టుకెళ్లి గ్లాసులో పోసిస్తే, ఆయన ఒక గుక్క నోట్లో ఉంచుకుని కళ్లు మూసుకున్నారు. చాలాసేపు మింగలేదు.

"చల్లగా ఉందయ్యా," అన్నారు చివరికి. "అంతే."

నాకు ఏడుపొచ్చింది. ఆయనే గ్లాసు నావైపు జరిపారు. "నువ్వు తాగి చెప్పు. బాగుందని చెప్పి తప్పించుకోకు. ఎలా ఉందో చెప్పు."

తాగాను. "ముందు చేదు సార్. తర్వాత కొంచెం పొగ వాసన. మింగాక నాలుక చివర బెల్లం, అడుగంటిన పాకంలా."

తనే తాగుతున్నట్టు ఆయన గుటక వేశారు. "ఊఁ, మళ్లీ చెప్పు," అన్నారు.

మళ్లీ చెప్పాను. గ్లాసు ఖాళీ అయ్యేదాకా చెబుతూనే ఉన్నాను.

ఆయన పోయాక నేను బీరు చేయలేదు. కానీ ఎంత అలసిపోయి వచ్చినా, మొదటి ముద్ద దగ్గర ఆగి, దీన్ని ఆయనకి ఎలా చెప్పాలా అని మాటలు వెతుక్కుంటాను. బాగుంది అని ఊరుకోవడం నాకిక చేతకాదు.