అత్తమ్మ పెట్టిన బొట్టు

వలస వచ్చిన మా తెలుగువాళ్లుండే పద్మనగర్‌లో, మా వరుసలోని మగవాళ్లంతా సాంచాల మీద, అంటే కరెంటు మగ్గాల మీద బట్ట నేసేవాళ్లు. మా ఆయన ఒక్కడే మిలిటరీకి పోయాడు. "పోగు అతకరానోడు తుపాకి ఏం పట్టుకుంటడు" అని వాడలో నవ్వేవాళ్లు. పట్టుకున్నాడు. పెళ్లయిన మూడో ఏడు సరిహద్దు మంచులో పోయాడు. పిల్లలు లేరు. ఇంట్లో నేనూ మా అత్తమ్మా మిగిలాం. ఆమె కూడా చిన్నప్పుడే భర్తను పోగొట్టుకుని, నూలు కండెలు చుట్టి ఆ ఒక్క కొడుకును పెంచింది.

దినాల నాడు నా గాజులు పగలగొట్టి బొట్టు చెరపడానికి వాడలోని ఆడవాళ్లు చుట్టూ చేరారు. అత్తమ్మ లేచొచ్చి నాకు అడ్డంగా నిలబడింది.

"నాకు చేసిండ్రు, సాలు. నా కోడలి మీద చెయ్యెయ్యకుండ్రి" అంది.

ఆమె అంత గట్టిగా మాట్లాడగా నేను అంతకుముందు వినలేదు. మర్నాటి నుంచి రోజూ పొద్దున్నే కుంకుమ భరిణె తెచ్చి తన వేలితో నాకు బొట్టు పెట్టేది. భర్త పోయిన ఆడదాని చేతి కుంకుమ మా వాళ్లలో ఎవరూ పెట్టించుకోరు. నేను పెట్టించుకున్నాను. వెనకాల ఎన్ని అనుకున్నారో గానీ, నా నోటికి భయపడి ఎదురుగా ఎవరూ అనలేదు. అత్తమ్మకు చూపు సరిగా ఆనదు. బొట్టు ఎప్పుడూ కాస్త ఎడమకు పడేది. నేను సరిచేసుకునేదాన్ని కాదు.

మేముండే ఒంటిగది ఖోలీ కిరాయి, మా తిండి, ఆమె కళ్ల మందు అన్నీ మా ఆయన పింఛను మీదే గడిచేవి. దానికోసం ఏటా నవంబరులో బ్యాంకుకు పోయి, బతికే ఉన్నాననీ మళ్లీ పెళ్లి చేసుకోలేదనీ సంతకం చేయాలి. పెళ్లి చేసుకుంటే పింఛను ఆగిపోతుంది. మొదటిసారి వెళ్లినప్పుడు కౌంటర్ వెనక ఉన్న సారు నా నుదురు చూశాడు, గాజులు చూశాడు.

"దూస్రీ షాదీ కర్ లీ క్యా?" అన్నాడు.

మళ్లీ పెళ్లి చేసుకోలేదన్నాను. "తో యే క్యా హై?" అంటూ, మరి ఇదేంటని తన నుదుటి మీద వేలు పెట్టి చూపించాడు. విచారణ అయ్యేదాకా పింఛను ఆపుతానన్నాడు. ఒళ్లు మండిపోయింది. అతనికి రాని తెలుగులో నాలుగు తిట్టి బయటికి వచ్చాను.

మర్నాడు పొద్దున అత్తమ్మ లేవకముందే గాజులు తీసేసి, ఉత్త నుదురుతో బయలుదేరాను. గడప దగ్గరే దొరికిపోయాను. ఆమెకు చూపు ఆనకపోయినా, నా చేతుల చప్పుడు లేదని తెలిసింది.

"గాజులేవి బిడ్డా?"

జరిగింది చెప్పాను. ఆమె మొహం చిన్నబోయింది.

"గా పైసల కోసం తీసేస్తవా? పోతె పోనియ్. ఇద్దరం కండెలు సుట్టుకుందం."

"కిరాయి ఎట్ల అత్తమ్మా? నీ కండ్ల మందు ఎట్ల?"

ఆమె చెప్పులేసుకుని, "పా, నేనొస్త" అంది. నా గాజులు మళ్లీ వేయించింది.

బ్యాంకులో ఆ సారు ఎదుట నన్ను కూర్చోబెట్టి, నడుములో దోపుకున్న భరిణె తీసింది. తడుముకుంటూ నా నుదురు పట్టుకుని బొట్టు పెట్టింది. వరుసలో నిలబడ్డవాళ్లంతా చూస్తున్నారు.

"మై లగాతీ సాబ్. రోజ్ లగాతీ" అంది తన బజారు హిందీలో, రోజూ నేనే పెడతానని. తర్వాత తన ఉత్త నుదురు తాకి చూపించింది. "మేరే కు కోయీ నై లగాయా."

నాకు ఎవరూ పెట్టలేదు అని. ఇన్నాళ్లలో ఆ మాట ఆమె నాతో కూడా అనలేదు. సారు తల దించుకున్నాడు. తర్వాత కాగితం నా ముందుకు జరిపి సంతకం ఎక్కడ చేయాలో చూపించాడు. అత్తమ్మకు నీళ్లు తెప్పించాడు.

ఆ తర్వాత ప్రతి నవంబరులోనూ ఇద్దరం కలిసే వెళ్లాం. మమ్మల్ని చూడగానే ఆ సారు లేచి అత్తమ్మకు కుర్చీ వేసేవాడు. తిరిగొచ్చేటప్పుడు వరాలా తలావ్ గట్టున కూర్చుని వేడి భజియా తినేవాళ్లం. అది మా ఇద్దరి పండగ.

ఒక ఏడు వానాకాలంలో అత్తమ్మ పోయింది. ఆ తర్వాత ఒక్కదాన్నే ఇంట్లో ఉండలేక కండెలు చుట్టే పనికి కుదిరాను. భరిణె మాత్రం తెరవబుద్ధి కాలేదు. ఆ నవంబరులో ఒక్కదాన్నే బ్యాంకుకు వెళ్లాను. జుట్టు నెరిసిన ఆ సారు కుర్చీ వేయబోయి, నా నుదురు చూసి ఆగిపోయాడు.

"మాజీ గయీ క్యా?" అమ్మ పోయిందా అని మెల్లగా అడిగాడు.

తలూపాను. అంతమందిలో ఏడ్చేశాను.

ఇంటికి వచ్చి భరిణె తెరిచాను. అద్దంలో చూసుకుంటూ బొట్టు పెట్టుకున్నాను. సరిగ్గా నడిమధ్యన పడింది. నాకు నచ్చలేదు. తుడిచేసి, కళ్లు మూసుకుని, తడుముకుంటూ మళ్లీ పెట్టుకున్నాను. ఈసారి కాస్త ఎడమకు పడింది. అలాగే కండెల పనికి పోయాను.