అత్తమ్మ మానేసిన పొడి

2011లో కాటేదాన్ బిస్కెట్ ఫ్యాక్టరీలో ప్యాకింగ్ చేసేదాన్ని. నా కీళ్లనొప్పులకూ, అత్తమ్మ మోకాళ్లకూ ఏడాదిగా ఒకే నాటువైద్యుడి పొడి వాడాం. అయినా నా వేళ్లు వంకర పోతుంటే శంషాబాద్‌లో కీళ్ల డాక్టరమ్మకు చూపించుకున్నాను. ఆమె నా ఉబ్బిన ముఖం చూసి, పొట్లం విప్పించింది.

"ఇందులో స్టెరాయిడ్ కలిపినట్టున్నారమ్మా. ఒక్కసారిగా మానేస్తే ప్రాణం మీదికొస్తుంది. ఇంట్లో ఇంకెవరైనా వాడుతున్నారా?"

"మా అత్తమ్మ వాడుతుండె మేడం. నాలుగు దినాల కింద బంద్ చేసింది."

"ఇప్పుడెలా ఉన్నారు?"

"ఒకటే వాంతులు. మంచం దిగుతలేదు."

డాక్టరమ్మ కుర్చీలోంచి లేచి, "వెంటనే తీసుకురండి" అంది.

ఆస్పత్రిలో సెలైన్, ఇంజెక్షన్లు ఎక్కించాక సాయంత్రానికి అత్తమ్మ కళ్లు తెరిచింది. "నీవల్లనే బతికిన బిడ్డా" అంది.

మిగిలిన కాస్త పొడి నాకోసం దాచుకుని, అయిపోయిందని ఆమెతో అబద్ధమాడింది నేనే. అత్తమ్మకు చదువు రాదు కాబట్టే ఇది రాయగలుగుతున్నాను.