దుంపల గదికి కాపలా

ఐలి రాంతానెన్ దొంగ. ఈ మాట చెప్పే హక్కు నాకున్నంతగా ఇంకెవరికీ లేదు, ఎందుకంటే ఆవిడ దొంగతనాలన్నీ నేను కళ్ళారా చూశాను. కొన్నిటికి తోడు కూడా వెళ్ళాను.

ఉత్తరాది చలిదేశంలో, క్వోపియో అనే ఊళ్ళో మా మేడకి ఏడంతస్తులు. నాది కింది వాటా. నా తలుపుకి ఎదురుగా లిఫ్టు, పక్కనే నేలమాళిగ మెట్లు. మా మేడలో ఎవరూ తలుపుకున్న చిన్న కన్నంలోంచి చూడకుండా గుమ్మం దాటరు. మెట్ల మీద ఎవరైనా కనిపిస్తే, వాళ్ళు వెళ్ళిపోయేదాకా చెప్పులేసుకుని తలుపు వెనకాలే నిలబడతారు. ఎదురుపడితే పలకరించాలి, పలకరిస్తే ఏదో ఒకటి మాట్లాడాలి, అంత గొడవ దేనికని. నేను మాత్రం ఆ కన్నం దగ్గర పీట వేసుకుని కూర్చుంటాను. టీవీలో వచ్చేవి చూశాక నాకు ఇదే నయమనిపించింది.

ఐలి ఉండేది నాలుగో అంతస్తులో. ఊళ్ళో ఈతకొలను గట్టు మీద ఎత్తు కుర్చీలో కూర్చుని, మెడలో ఈల వేసుకుని ఉద్యోగమంతా వెళ్ళదీసింది. నీళ్ళలో మునిగేవాళ్ళని బయటికి లాగడం ఆవిడ పని. ఆవిడ అసలు సరదా మాత్రం వేరే. స్నానం చేయకుండా కొలనులో దిగబోయేవాళ్ళని ఈల వేసి వెనక్కి తోలడం. బ్యాంకు మేనేజరని లేదు, పాస్టరు గారని లేదు. "తల పొడిగా ఉంది. వెళ్ళి తడుపుకు రండి" అనేది, కొలనంతా వినపడేలా. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకంటే, అడిగినవాళ్ళలో ఒక్కడూ సరిగ్గా స్నానం చేసి రాలేదట.

మనిషి పొట్టి, చేతులు సన్నం. ఉన్న నాలుగు వెంట్రుకలనీ ముడివేసి, ఆ ముడికి డజను పిన్నులు గుచ్చుతుంది. అవి నడిచిన చోటల్లా రాలుతూనే ఉంటాయి. లిఫ్టులో పిన్ను కనిపిస్తే ఐలి ఇప్పుడే వెళ్ళిందని అర్థం.

అలా తల పొడిగా ఉందని వెనక్కి పంపించుకున్నవాళ్ళలో ఓర్వో పిర్హోనెన్ ఒకడు. మా మేడలోనే, అందరికంటే పైన ఉంటాడు. రైళ్ళలో టిక్కెట్లు చూసే ఉద్యోగం చేశాడు. జీవితమంతా ఇతరులని దింపేసిన మనిషిని ఒక పొట్టి ఆడది పదిమందిలో దింపేసింది. అది మనసులో పెట్టుకున్నాడు. వాళ్ళిద్దరూ లిఫ్టులో కలిస్తే చెరో గోడా చూస్తూ దిగేవాళ్ళు. పక్కపక్కనే ముసలివాళ్ళయ్యారు గానీ మాట లేదు.

ఇంతలో ఆ ఏడాది జులైలో ఎండ వచ్చింది. వచ్చిందేగానీ పోలేదు. ముప్ఫై మూడు డిగ్రీలు. ఎండల దేశాలవాళ్ళు ఈ అంకె విని పకపకా నవ్వుతారని నాకు తెలుసు, నవ్వనివ్వండి. వాళ్ళ ఇళ్ళు వేడిని బయటికి తోలడానికి కట్టినవి. మావి లోపల దాచిపెట్టుకోవడానికి కట్టినవి. మూడు పొరల అద్దాలు, గోడలనిండా గాజుదూది, దొంగతనంగా కూడా గాలి చొరబడని తలుపులు. పైగా వేసవిలో మా సూర్యుడికి ఇల్లు చేరే ఆలోచనే ఉండదు, పడుకోబోయే వేళకి కూడా కిటికీలో తిష్ఠవేసి ఉంటాడు. ఊళ్ళో ఫ్యాన్లన్నీ అమ్ముడైపోయాయి. పొద్దుటినుంచీ ఉడికిపోతున్నామని ఏడ్చినవాళ్ళే శుక్రవారం సాయంత్రం తువ్వాళ్ళు భుజాన వేసుకుని మేడకంతటికీ ఒక్కటే ఉన్న ఆవిరిస్నానం గదికి దిగారు. ఎందుకని అడగకండి. శుక్రవారం వాళ్ళ వంతు. వదులుకుంటే వెనకాల కాచుకున్నవాడు తన్నుకుపోతాడు.

ఒకరోజు ఐలి నా తలుపు కొట్టింది. మా మేడలో తలుపు కొట్టారంటే ఎవరో పోయారనే అర్థం. గబగబా తీశాను.

"మిర్యా, ఆ ఓర్వోని చూశావుటే?"

"చూడకేం. పొద్దున చెత్త పారేయడానికి దిగాడు."

"మొహం చూశావా అని. పెదాలు తెల్లగా పాలిపోయాయి. లిఫ్టులో కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు. ఆ రంగు నాకు తెలుసే. గట్టు మీంచి ఆ రంగు కనిపించిందంటే ఈల కూడా వేయకుండా దూకేదాన్ని." ఆవిడ పై అంతస్తుల వైపు చూసింది. "నాకు భయమేస్తోంది."

అంతకుముందు చలికాలంలోనే ఓర్వోకి గుండె కోసి కుట్టారు. పైన తారు పూసిన కప్పు. ముందు పడమటి ఎండంతా పడే అద్దాల వసారా. పావురాలొస్తాయని ఆ అద్దాలు మూసే ఉంచుతాడు. అది ఇల్లు కాదు, రొట్టెలు కాల్చే పొయ్యి.

"వెళ్ళి చెప్పకపోయావా?" అన్నాను.

"వెళ్ళాను. తలుపు ఇంత సందు తీసి, 'పర్వాలేదు, నెట్టుకొస్తాను' అని మూసేశాడు. మంచినీళ్ళు తెచ్చానన్నాను. తన ఇంట్లో కుళాయి ఉందన్నాడు. ఆస్పత్రి నర్సమ్మ ఫోన్ చేసినా అదే మాటట, పర్వాలేదట."

మా జాతి మొత్తానికి ఇదొక రోగం. పీక మీద కత్తి పెట్టినా పర్వాలేదనే అంటాం. ఒకరికి భారమవడం కంటే చావడం మర్యాద మాకు. ఓర్వో లాంటివాడికి సాయం చేస్తానని చెప్పడమంటే చెంప మీద కొట్టడమే.

"మన మేడలో చల్లగా ఉండేది ఒకే ఒక్క చోటు," అంది ఐలి.

అది దుంపల గది. నేలమాళిగలో ఉంటుంది. చలికాలానికి బంగాళాదుంపలూ పళ్ళ మురబ్బాలూ దాచుకోవడానికి ప్రతి వాటాకీ ఒక చెక్క అర, దానికో తాళం. గదిని ఏడాది పొడుగునా చల్లబరిచే యంత్రం ఒకటి మూల నిలబడి గుర్రుపెడుతూ ఉంటుంది.

"అక్కడికి రమ్మంటే మాత్రం వస్తాడా?"

"రమ్మంటే రాడు," అంటూ ఐలి తన చేతిని అటూ ఇటూ తిప్పి చూసుకుంది. ఆ చూపు నాకు నచ్చలేదు. అంటే చాలా నచ్చింది.

ఓర్వోకి ప్రపంచంలో ఇష్టమైనది ఒకటే. వాళ్ళ తమ్ముడు పొలంలోంచి జులైలో ఒక బస్తా లేత దుంపలు పంపుతాడు. గోలీల్లా ఉంటాయి, తొక్క గోటితో గీకితే వచ్చేస్తుంది. ఉడకబెట్టి, వెన్న వేసి, సోయకూర చల్లుకుని ఒక్కడే తింటాడు. ఎవరికీ ఒక్కటి పెట్టిన పాపాన పోలేదు. ఆ అర చెక్కల మధ్య సందులో నా చెయ్యి దూరదు. ఐలి చెయ్యి మోచేతి దాకా దూరింది. గుప్పెడు దుంపలు తీసి గౌను జేబులో వేసుకుని, రెండు నేల మీద కావాలని పడేసి వచ్చింది.

మర్నాడు ఓర్వో నా తలుపు కొట్టాడు. ఇన్నేళ్ళలో అదే మొదటిసారి.

"ఎవరైనా కిందికి వెళ్ళడం చూశారా? నా దుంపలు పోయాయి."

"అయ్యో, నేనెక్కడ చూస్తానండీ, తలుపేసుకుని ఉంటాను," అన్నాను. ఆయన నా పీట వంక ఒకసారి చూశాడు.

సరిగ్గా అప్పుడే ఐలి లిఫ్టులోంచి దిగింది, ఏమీ ఎరగనట్టు. సంగతి విని నుదురు కొట్టుకుంది. "ఎంత పని జరిగింది. ఇక ఎవరో ఒకరు అక్కడ కూర్చోవలసిందే. మీరొద్దులెండి పిర్హోనెన్ గారూ, ఈ వయసులో, ఆ చలిలో, మీవల్ల కాదు. నేను కూర్చుంటాను."

ఓర్వో మెడ నిటారుగా అయింది. "అవి నా దుంపలు, రాంతానెన్ గారూ. నేనే కూర్చుంటాను."

అరగంటలో దిగాడు. చేతిలో చేపలు పట్టేటప్పుడు వేసుకునే మడత కుర్చీ, భుజాన ఉన్ని కోటు, చంకలో కాఫీ ఫ్లాస్కు. ఊరంతా చొక్కాలు విప్పుకుని తిరుగుతుంటే ఈయన మెడకి మఫ్లరు చుట్టుకున్నాడు. సాయంత్రానికి పెదాలకి రంగొచ్చింది. ఐలి నా వంటింట్లో కూలబడి, "బతికాడే," అని కళ్ళు తుడుచుకుంది. వెంటనే ముక్కు చీదేసి, "రేపు కూడా పోవాలి మరి," అంది. పోకపోతే కాపలా ఎందుకని పైకి వెళ్ళిపోతాడుగా.

అప్పటినుంచి రోజూ అదే పని. నేను కిందికి దిగి, "పిర్హోనెన్ గారూ, లిఫ్టు ఏదో చప్పుడు చేస్తోంది, ఒకసారి చూస్తారా," అని ఆయన్ని బయటికి లాగేదాన్ని. ఆయన లిఫ్టుకి చెవి పెట్టి వినేలోగా ఐలి చెయ్యి అరలోకి వెళ్ళి వచ్చేది. ఆ లిఫ్టు అంత ఆరోగ్యంగా ఎప్పుడూ లేదు. వెనక్కి వచ్చి లెక్క చూసుకుని, "మళ్ళీ," అనేవాడు ఓర్వో. గొంతులో కోపం కంటే ఉత్సాహమే ఎక్కువ.

దుంపల దొంగ కబురు మేడంతా పాకింది. ఇక అందరికీ తమ తమ అరల మీద ఎక్కడలేని బెంగ పుట్టుకొచ్చింది. మూడో అంతస్తావిడ ఒక్క మురబ్బా సీసాని చూసుకోవడానికి దిగి, పొద్దున దిగిన మనిషి భోజనాల వేళకి గానీ ఎక్కలేదు. అందరూ ఎవరి అర ముందు వాళ్ళు గోడకి ఆనుకుని నిలబడేవాళ్ళు. చల్లగా ఉందని ఒక్కళ్ళూ అనలేదు.

ఆ హడావిడిలో నేను కన్నంలోంచి చూడవలసింది చూడలేదు. ఐలి రోజంతా మెట్లెక్కుతూ దిగుతూ ఓర్వోకి కాపలా కాసింది. కానీ తను మాత్రం ఆ గదిలో ఒక్క నిమిషం కూర్చోలేదు. కూర్చుంటే ఆయన అనుమానిస్తాడని. ఒకరోజు పొద్దున ఎంతకీ దిగలేదు. పైకి వెళ్ళి తలుపు కొట్టాను.

లోపలినుంచి నీరసంగా వినపడింది. "పర్వాలేదే. కాస్త పడుకున్నాను. నెట్టుకొస్తాను."

ఎన్ని కొట్టినా తలుపు తీయలేదు. పైగా ఇవాళ దొంగతనం చేసేవాళ్ళు లేరు. దొంగతనం లేకపోతే ఆయన పైకెళ్ళి ఆ పొయ్యిలో కూర్చుంటాడు. ఇద్దరూ పోతారు, నేను కన్నంలోంచి చూస్తూ కూర్చోవాలి. ఏం చేయాలో తోచక నేలమాళిగకి పరిగెత్తాను.

తక్కినవాళ్ళు ఇంకా దిగలేదు. ఓర్వో ఒక్కడే అప్పటికే లేచి నిలబడి ఉన్నాడు. "ఇవాళ కూడా పోయాయి," అన్నాడు.

దొంగ పైన పడుకుని ఉంది. ఎలా పోతాయి?

"నావి కావు. రాంతానెన్ గారి అరలోవి. ఆవిడేరీ?"

"తలుపు తీయట్లేదండీ. పర్వాలేదంటోంది." నాకు ఏడుపొచ్చేసింది. "అస్సలు బాగోలేదు ఆవిడకి."

ఓర్వో మఫ్లరు తీసి నా చేతిలో పెట్టి లిఫ్టెక్కాడు. నేను వెనకాలే ఎక్కాను. నాలుగో అంతస్తులో దిగి, రైల్లో తనిఖీకి వచ్చినట్టే తలుపు మీద మూడు దెబ్బలు వేశాడు.

"రాంతానెన్ గారూ, మీ అరలో దొంగతనం జరిగింది. సొంతదారు వచ్చి చూసుకోవాలి."

"పర్వాలేదు లెండి."

"పర్వాలేదంటే కుదరదు. పద్ధతి పద్ధతే."

పద్ధతి అన్న మాటకి ఐలి పుట్టినప్పటినుంచీ ఎదురు చెప్పలేదు. చాలాసేపటికి తలుపు తెరుచుకుంది. మొహం ఎర్రగా కందిపోయి ఉంది, కళ్ళు నిలవడం లేదు, ముడి ఊడిపోయింది. ఓర్వో మోచెయ్యి అందించాడు. ఆవిడ పట్టుకుంది.

కిందికి వచ్చాక గది గుమ్మం దగ్గర ఆవిడని ఆపాడు. తువ్వాలు కుళాయి కింద పెట్టి, పిండకుండా తెచ్చి ఆవిడ నెత్తిన వేశాడు. నీళ్ళు ధారలు కట్టాయి.

"తల పొడిగా ఉంది," అన్నాడు. "తడవకుండా లోపలికి రానిస్తాననుకున్నావా, ఐలీ?"

ఐలి ఆయన వంక తేరిపార చూసింది. ఆ మాట ఎక్కడిదో తెలియడానికి ఒక్క క్షణం పట్టింది. తర్వాత నవ్విన నవ్వుకి ఆయాసం వచ్చి, ఓర్వో కుర్చీలోనే కూర్చుండిపోయింది. ఆయన తన కోటు ఆవిడ కాళ్ళకి కప్పి, మంచినీళ్ళు తాగించి, ఉప్పు చల్లిన చల్లటి దుంపలు ఒక్కొక్కటే చేతికిచ్చాడు. అవి ఓర్వో లేత దుంపలు. ఎవరికీ పెట్టనివి. నేను నర్సమ్మకి ఫోన్ చేశాను. ఆవిడ వచ్చి నాడి చూసి, చల్లటి చోటే ఉంచండి, తాగిస్తూ ఉండండి అంది. అప్పటికి ఐలి మొహంలో ఎరుపు తగ్గుతోంది.

కాస్త తేరుకున్నాక అడిగింది. "ఇంతకీ నా అరలో ఏం పోయాయి?"

"దుంపలు."

"నేనసలు అందులో దుంపలు పెట్టను."

ఓర్వో వెళ్ళి ఆ అర తలుపు బార్లా తీసి చూపించాడు. దానికి ఐలి తాళం ఎప్పుడూ వేయదు. లోపల పాత ఈల ఒకటి మేకుకి వేలాడుతోంది, అంతే.

"చూడు మరి," అన్నాడు. "ఒక్కటి కూడా మిగల్చలేదు."

తర్వాత చొక్కా జేబులోంచి తలపిన్ను తీసి ఆవిడ చేతిలో పెట్టాడు. మొదటిరోజే దుంపల బస్తాలో దొరికిందట.

"తెలిసి కూడా ఇన్నాళ్ళూ ఎందుకు కూర్చున్నావు?" అంది ఐలి, పిన్ను గుచ్చుకుంటూ.

ఓర్వో యంత్రం వంక చూశాడు. "పైన ఉడికిపోతోంది," అన్నాడు. ఆ మనిషి నోట అలాంటి ఫిర్యాదు నేనెప్పుడూ వినలేదు. "నువ్వు పిలిస్తే వచ్చేవాణ్ణి కాదు."

"తెలుసు." ఐలి ఇంకో దుంప అందుకుంది. "రేపు కూడా దొంగతనం ఉంటుందా?"

"వాన పడేదాకా ఉండాలి."

నేను మెట్ల దగ్గరే నిలబడిపోయాను. నా చొక్కా వీపుకి అంటుకుపోయింది, నా ఇల్లు కూడా పొయ్యిలాగే ఉంది. వాళ్ళిద్దరూ నన్ను రమ్మనలేదు. నేను అడగనూ లేదు, ఎలా అడుగుతాను? ఇంట్లోకి వెళ్ళి తలుపు దగ్గరున్న పీట చంకన పెట్టుకుని మళ్ళీ దిగాను.

"నా అరలో కూడా పోయాయండీ," అన్నాను.